ఆరో పాటలో విజిల్

నమోదు 311

వరస: పడమటి ఏడు. ధూళి: విపరీతం. పగిలిన అద్దాలు: లేవు. నీళ్లు: చాలలేదు, ఎప్పుడు చాలాయి గనక.

పైన రాసింది ఆఫీసు కోసం. ఇక్కడి నుంచి నా కోసం. వరస మేస్త్రీలందరూ రోజూ నమోదు రాయాలని రూలు పెట్టారు గానీ, దాన్ని చదివే మనిషిని పెట్టడం మరిచిపోయారు. మొదటి లైను యంత్రం చూసుకుంటుంది, మిగతాది గాలికి. పోయినేడు మొత్తం మా సూపర్‌వైజరును తిడుతూ రాశాను, ఒక్కడు పలికితే ఒట్టు. అందుకే ఇక మీదట నాకు నచ్చిన విషయం రాసుకుంటాను. నాకు నచ్చిన విషయం పాటలు.

ఈ రోజు సెలవు, అంటే ఒంటిపూట పని. తెల్లారేసరికి అద్దాలు తుడిచేసి, ఎండ ముదరకముందే అందరం నేల కింది ఇళ్లలోకి దిగిపోయాం. సెలవునాడు ఇమాంబక్క క్యాంటీన్లో మా ముగ్గురి కూటమి ఉంటుంది. ఇమాంబక్క ఈ అద్దాల పొలానికంతటికీ వండిపెట్టే మనిషి. మూడోవాడు కుళ్లాయప్ప, అద్దాలను సూర్యుడి వైపు తిప్పే మోటార్ల మెకానిక్కు. నన్ను మామా అంటాడు, చుట్టరికమేమీ లేదు. ఇక్కడ అందరూ ఎవరి చెవిబిళ్లలో వాళ్లు పాటలు వింటారు. బిళ్లలు తీసి పక్కన పెట్టి, ఒకే పాటల డబ్బా ముందు కూర్చుని, ఒకే పాటను ఒకేసారి వినే పిచ్చివాళ్లం మేం ముగ్గురమే.

వారానికి ఒకరి వంతు. ఎవరి వంతైతే వాళ్లు ఎవరికీ తెలియని ఆల్బం ఒకటి వెతికి తెచ్చి పెట్టాలి. పెట్టినవాడు గోడ వైపు తిరిగి కూర్చోవాలి, ఆల్బం అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఈ నియమం ఇమాంబక్కది. పెట్టినవాడు మొహంలోకి చూస్తూ ఉంటే వినేవాళ్లు మొహమాటానికి తలాడిస్తారని ఆమె వాదన. నా బాధేమిటంటే, నేను మాట్లాడకుండా ఉండలేను. నచ్చిన పాట మోగుతుంటే ‘ఇదిగో ఇక్కడ వినండి, ఇక్కడ వినండి’ అని నా నాలుక పీకుతూ ఉంటుంది.

ఈ వారం వంతు నాది. పాటలన్నీ దాచి అందరికీ వినిపించే స్వరశాలలో ఎర్రచుక్క పెట్టిన ఆల్బాలు వెతకడం నాకో జబ్బు. ఈ ఏడు కొత్తగా పెట్టిన రూలు ప్రకారం, ధూళికాలం ముగిసేలోపు వంద చెవులు వినని ఆల్బాన్ని అక్కడ ఖాళీ చేసేస్తారు. కరెంటు మిగలాలట. ఆ కరెంటు పుట్టించేది మేమే అనుకోండి, అది వేరే సంగతి. పాటలు దాచుకునే చిప్పులన్నీ నీటి పంపులకు కావాలని ఇల్లిల్లూ తిరిగి ఏరుకుపోయాక, పాటంటూ ఉంటే స్వరశాలలో ఉండాలి. అక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే.

ఈసారి దొరికింది ‘కిటికీ పక్క సీటు’. రాసిందీ, బాణీ కట్టిందీ, గిటారు వాయించిందీ, పాడిందీ ఒకే మనిషి. పేరు సౌదామిని. ఫొటో లేదు, ఊరు లేదు. తొమ్మిది పాటలు. వంటింటి పక్క గదిలో కూర్చుని పాడుకున్నట్టుంది. ఒక పాట ఆఖరి స్టాపులో సీటు మీదే నిద్రపోయే కండక్టరు గురించి. ఒకటి కొలత తప్పిన జాకెట్టు గురించి. ఆరోది ‘అమ్మ కళ్లజోడు’. ఆ పాట నడిమధ్యలో ఎక్కడో కుక్కర్ విజిల్ వేస్తుంది. వేరే ఎవరైనా అయితే తిట్టుకుని మళ్లీ మొదటి నుంచి పాడతారు. ఈమె అలా చేయలేదు. అరచేత్తో తీగలు ఆపింది. విజిల్‌ను పూర్తిగా పోనిచ్చింది. ఆ తర్వాత విజిల్ ఏ శ్రుతిలో వచ్చిందో సరిగ్గా ఆ శ్రుతి అందుకుని రెండో చరణం ఎత్తుకుంది. అది ఆమె గొంతుకు మించిన ఎత్తు. గొంతు జీరపోతుంది, అయినా కిందికి దిగదు. పాట అయ్యేదాకా అక్కడే నిలబడి పాడుతుంది.

ఆల్బం అయ్యాక నేనిటు తిరిగితే ఇమాంబక్క చేతిలో బియ్యం చాట అలాగే ఉంది.

“ఆ యమ్మ ఆగింది సూడు మద్దిలేటీ,” అంది. “ఆగి, ఆ కూతనే పట్టుకునింది. ఎంత తెగువ!”

“మామా, ఎనక్కి తిప్పు. ఆ విజిల్ కాడికి తిప్పు,” అని కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు.

తిప్పాను. మళ్లీ తిప్పమన్నాడు. ముగ్గురం పిల్లల్లా అదే చోటు పదేపదే విన్నాం. పప్పు అడుగంటిందని గోల మొదలయ్యాక గానీ లేవలేదు.

నమోదు 314

వరస: పడమటి ఏడు. ధూళి: మామూలు. ఒక అద్దం అంచు చిట్లింది.

ఈ ఆల్బం పోవడానికి వీల్లేదని తీర్మానించాం. వంద చెవులంటే యాభై మందా అని కుళ్లాయప్ప ఆశగా అడిగాడు. కాదు, వంద మందే. ముగ్గురం ఉన్నాం. మిగతావాళ్లను పట్టాలి.

పాట గురించి ఇంకొకరికి చెప్పడంలో నాకున్నంత చెడ్డపేరు ఈ పొలంలో ఎవరికీ లేదు. పొద్దున గుడ్డలూ కర్రలూ పట్టుకుని వరసలోకి నడుస్తుంటే గంగరత్నకు చెప్పబోయాను. మా వరసలో అందరికంటే వేగంగా తుడిచే మనిషి, నోరు అంతకంటే వేగం.

“వద్దు మేస్త్రీ, నీకు దండం పెడ్తా,” అంది. “నువ్వు చెప్పే పాటలు ఇంటే మా ఇంట్లో ఎవురో పోయినట్టుంటాది. పోయినసారి అంతే, ఆ ముసలాయన దగ్గు పాట పెట్టించినావు. పని చేయబుద్ధి కాలేదు నాకు.”

“అది దగ్గు పాట కాదు, మధ్యలో దగ్గాడంతే.”

“ఆ మాత్రం దగ్గు మా మామ ఊరికే దగ్గుతాడు.”

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఆల్బం పుట్టుక, పాటల వరుస, గిటారు తీగల సంగతి అన్నీ విప్పి చెప్పబోయాను. వెనక నుంచి కుళ్లాయప్ప నన్ను పక్కకు నెట్టాడు.

“అక్కా, ఆ కతంతా నీకెందుకు. ఆరో పాట పెట్టు. నడాన కుక్కర్ విజిల్ వస్తాది. ఆడికి రాంగానే ఎనక్కి తిప్పి ఇంగోసారి ఇను. నచ్చకపోతే నా ముఖాన ఊంచు.”

గంగరత్న చెవిబిళ్ల నొక్కుకుంది. రెండు అద్దాలు తుడిచింది. మూడో అద్దం దగ్గర చెయ్యి ఆగింది. బిళ్ల మీద వేలు పెట్టి వెనక్కి తిప్పడం నేను కళ్లారా చూశాను. మళ్లీ తిప్పింది. ఆ తర్వాత వరస చివర ఉన్న ఆడవాళ్ల దగ్గరికి నడిచింది.

ముప్పై ఏళ్లుగా నేను చేయలేని పని వాడు రెండు ముక్కల్లో చేశాడు. ఈర్ష్యగా లేదంటే అబద్ధం. అయినా మధ్యాహ్నం నుంచి నేనూ అవే ముక్కలు చెప్పుకుంటూ తిరిగాను. ఆరో పాట పెట్టు, విజిల్ దగ్గర వెనక్కి తిప్పు.

నమోదు 318

వరస: పడమటి ఏడు. ధూళి: తక్కువ.

ఎర్రచుక్క పోయి పసుపుచుక్క వచ్చింది! వందేం ఖర్మ, తూర్పు పొలాలకు కూడా పాకింది. ఇమాంబక్క అందరికీ బెల్లం పాయసం పోసింది. దేనికని అడిగితే, ఆ యమ్మకు బిడ్డ పుట్టిందనుకోండి పొమ్మంది.

సాయంత్రం నాకొక కబురు వచ్చింది. గుత్తి కాలనీ నుంచి, నీలవేణి అనే అమ్మాయి పంపింది. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

‘అయ్యా, మా అత్త సౌదామిని చెబుతుంటే నేను రాస్తున్నాను. చెబుతుంటే అంటే, పలక మీద రాసి చూపిస్తుంటే. గొంతులో జబ్బు చేసి ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మాట రాదు. ఆమె గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ పాటల్లోనే. అది ఈ ధూళికాలంతో పోతుందని ఆమెకు తెలుసు, మాకెవరికీ చెప్పలేదు. మీరు కాపాడారని నీళ్ల రైలువాళ్లు చెబితే నిన్ననే తెలిసింది. ఆరో పాటలో విజిల్ మా నాయనమ్మ కుక్కరుది. అత్త పాడుకుంటోందని తెలియక పప్పు పెట్టిందట. నాయనమ్మ కూడా ఇప్పుడు లేదు. ఆపరేషన్ అయిన పక్క చెవికి బిళ్ల నిలవదు, రెండో చెవి ముందునుంచీ వినపడదు. మీ దగ్గర డబ్బా ఉందని విన్నాం. ధూళికాలం ముగిసేలోపు నీళ్ల రైల్లో వస్తుంది, ఒక్కసారి వినిపిస్తారా?’

ఇద్దరికీ సగం దాకా చదివి వినిపించి ఆపేశాను. మిగతాది కుళ్లాయప్ప చదివాడు.

“రమ్మని రాయి మామా,” అన్నాడు. “రాజాలాగా రమ్మని రాయి.”

రమ్మని రాశాను. మీ గొంతు మా దగ్గర భద్రంగా ఉందని కూడా రాశాను. ఎంత గొప్పగా అనిపించిందో ఆ మాట రాస్తుంటే.

నమోదు 322

వరస: పడమటి ఏడు. ధూళి: మామూలు. మిగతావి మామూలే.

మామూలుగా లేదు. సెలవు కాకపోయినా ఈ రోజు మళ్లీ ‘కిటికీ పక్క సీటు’ పెట్టుకున్నాం. ఆరో పాట వచ్చింది. విజిల్ రాలేదు.

“డబ్బా చెడినట్టుంది,” అన్నాను.

“డబ్బా చెడితే పాటంతా చెడాల గదా. ఒక్క విజిల్ యాడికి పోతాది?” అని కుళ్లాయప్ప డబ్బా విప్పదీశాడు. లోపల ఏమీ చెడలేదు. బిళ్లలో విన్నాం. అందులోనూ లేదు. తీగలు ఆపిన చోట ఆగకుండా పాట ముందుకు పోతోంది. రెండో చరణం మాత్రం ఉన్నట్టుండి పైశ్రుతికి ఎగురుతోంది. విజిల్ లేకపోయేసరికి ఆ ఎగరడానికి అర్థం లేకుండా పోయింది. తెలియనివాళ్లు వింటే శ్రుతి తప్పిందనుకుంటారు.

స్వరశాలను అడిగాను. అక్కడ మనుషులుండరు, ఒక తియ్యటి గొంతు ఉంటుంది.

“ప్రియమైన శ్రోతా, మీరు చెప్పిన చోట శ్రోతలు పెద్ద సంఖ్యలో పాటను ఆపి వెనక్కి తిప్పుతున్నట్టు గమనించాం. వారికి అక్కడ ఇబ్బంది కలుగుతున్నట్టు గుర్తించి, అడ్డు వస్తున్న శబ్దాన్ని తొలగించి పాటను సాపు చేశాం. మీ ఆదరణకు కృతజ్ఞతలు.”

“ఇబ్బంది కాదు! నచ్చి తిప్పుతున్నారు!”

“వెనక్కి తిప్పడాన్ని వినడంలో ఇబ్బందిగా లెక్కిస్తాం. మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం.”

“పాతది తిరిగి పెట్టండి.”

“స్థలాభావం వల్ల సాపు చేసిన ప్రతిని మాత్రమే ఉంచుతాం. మీకు ఇంకేమైనా సాయం చేయగలమా?”

బిళ్ల తీసి బల్ల మీద కొట్టాను. పాటలు విసిరి పారేసేవాళ్లుంటారు, సగంలో ఆపేసేవాళ్లుంటారు. ఒకే చోటును ముద్దుగా మళ్లీ మళ్లీ వినేవాళ్లు ఆ యంత్రానికి ఎప్పుడూ తగిలినట్టు లేదు. అలాంటివాళ్లను ఊరూరా తయారుచేసింది మేమే.

“మనమే గదా తిప్పమంటిమి,” అంది ఇమాంబక్క. “నోరారా చెప్పి మరీ తిప్పిస్తిమి.”

కుళ్లాయప్ప ఏడుస్తున్నాడు. ముప్పై దాటిన మగవాడు, చేతులకు గ్రీజుతో అలాగే మొహం తుడుచుకుంటున్నాడు. నేను ఓదార్చలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో వాణ్ణి కొట్టాలనిపించింది. నేనూ అదే చెప్పుకుంటూ తిరిగానన్నది కాసేపటికి గుర్తొచ్చింది.

నమోదు 325

వరస: పడమటి ఏడు. మూడు అద్దాలు సూర్యుడికి వీపు పెట్టాయి. కారణం కింద రాస్తున్నాను, ఎవరూ చదవరు కాబట్టి.

తెల్లవారుతూనే వరసవరసకూ తిరిగి చెప్పాం. దయచేసి వెనక్కి తిప్పకండి, మొదటి నుంచి చివరిదాకా తిన్నగా వినండి. మంచి మాటే కదా? ఎందుకు తిప్పొద్దన్నారో తెలుసుకోవాలని ప్రతివాడూ తిప్పాడు. విజిల్ నిజంగానే పోయిందా అని చూడటానికి ఒకసారి, పోయిన చోట ఏముందో చూడటానికి ఇంకోసారి. సాయంత్రానికి పైశ్రుతి కూడా పోయింది. రెండో చరణం మొదటి చరణం ఉన్న చోటే, చక్కగా, నునుపుగా, ఎత్తుపల్లాలు లేకుండా నడుస్తోంది. జీర లేదు.

“అయ్యో, ఇంగ పాట ఇనొద్దని చెప్పు మేస్త్రీ,” అంది గంగరత్న.

“వినకపోతే ఎర్రచుక్క పడుతుంది. ఖాళీ చేస్తారు.”

“ఇంటే సాపు జేస్తారు. ఇనకపోతే తీసేస్తారు. ఇదేం న్యాయం?”

నాకూ అదే ప్రశ్న.

కుళ్లాయప్ప ఊరికే కూర్చునే రకం కాదు. మోటార్లలో సూర్యుడి దారి గుర్తుపెట్టుకునే చిన్న జ్ఞాపకం ఉంటుంది. దాన్ని చెరిపేసి, పాడవని పాటలనైనా అందులోకి ఎక్కిద్దామని చూశాడు. మూడు మోటార్లకు సూర్యుడు ఏ పక్కన ఉంటాడో మరుపొచ్చింది. పాట ఎక్కిందీ లేదు. ఆ జ్ఞాపకంలో ఒక గిటారు మీటు కూడా పట్టదట. సూపర్‌వైజరు వచ్చి వాణ్ణి చెడామడా తిట్టాడు. ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు తలొంచుకుని తిట్లన్నీ తిన్నాడు.

నమోదు 329

వరస: పడమటి ఏడు. ధూళి: ఏమో, చూడలేదు.

పచ్చచుక్క. ఈ పొలాల్లో ఎవరి చెవిలో చూసినా అదే ఆల్బం. సాపు చేసిన పాటలు ఇంకా హాయిగా ఉన్నాయని కొత్తగా వినేవాళ్లంటున్నారు. వాళ్లను ఏమనగలను? నిజంగానే హాయిగా ఉన్నాయి. ఎవరికి నచ్చిన చోట వాళ్లు తిప్పారు కాబట్టి తొమ్మిదింటికీ చెయ్యి పడింది, మాటలతో సహా. కండక్టరు పాటలో కండక్టరు లేడు, ఎవరో నేస్తం ఉన్నాడు. కొలత తప్పిన జాకెట్టు కొలతకు సరిపోయింది. మరి పాట దేనికని అడిగే దిక్కు లేదు.

సూపర్‌వైజరు స్వయంగా వచ్చి నా భుజం తట్టాడు. శ్రోతలను తెచ్చిపెట్టినందుకు స్వరశాల నాకొక బహుమానం పంపిందట, రెండు బిందెల స్నానపు నీళ్లు. నేను ముట్టనన్నాను. ఇమాంబక్క బిందెలు లోపలికి లాక్కుంది.

“నీళ్లేం పాపం జేసినాయి?” అంది. “ఆ యమ్మ వస్తాది గదా. అంబలి కాస్తాను, గొంతులో దిగేటట్టు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె వస్తోంది. రావద్దని రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. ఏమని రాయాలి? మీ గొంతు భద్రంగా ఉందని రాసిన చేత్తోనే ఇంకేమని రాయాలి? చివరికి ‘రండి, ఎదురుచూస్తున్నాం’ అని రాసి పంపేశాను. పిరికితనమే. వేరే దారి తోచలేదు.

నమోదు 333

వరస గురించి ఈ రోజు ఏమీ లేదు.

నీళ్ల రైలు పొద్దున్నే వచ్చింది. దిగిన మనిషి సన్నగా, నిటారుగా, మెడకు పసుపురంగు రుమాలు కట్టుకుని ఉంది. చంకలో పలక. వెంట మేనకోడలు నీలవేణి. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

క్యాంటీన్లో అంబలి తాగింది. ఇమాంబక్క వడ్డిస్తూ కళ్లెత్తలేదు. చెప్పేద్దామని నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఆమె నవ్వుతూ డబ్బా వైపు వేలు చూపించింది. చిన్నపిల్లలు మిఠాయి డబ్బా వైపు చూపిస్తారే, అట్లా.

“అత్త నిద్రపోలేదండీ,” అంది నీలవేణి. “రైల్లో కూడా పెదాలు ఆడిస్తానే ఉంది. అన్ని పాటలూ ఒగసారి చూసుకునింది.”

పెట్టాను. మరేం చేయను.

ఆమె కొంచెం వినపడే చెవిని డబ్బాకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. మొదటి పాటకు పెదాలు కదుపుతూ ఉంది. రెండో పాటలో పెదాలు ఒక మాట దగ్గర తడబడ్డాయి, అక్కడ ఆమె రాసిన మాట లేదు. సర్దుకుని మళ్లీ అందుకుంది. నాలుగో పాటకు పెదాలు ఆడటం మానేశాయి. కళ్లు మాత్రం తెరవలేదు. ఆరో పాట మొదలైంది. సగానికి వస్తుండగా కుడిచేతి చూపుడువేలు పైకెత్తింది. ఆగండి, ఇప్పుడొస్తుంది, మా అమ్మ, వినండి అన్నట్టు.

పాట ఆగకుండా సాగిపోయింది.

ఆ వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. తొమ్మిదో పాట అయ్యేదాకా దించిందో లేదో నేను చూడలేదు. చూడలేకపోయాను.

తర్వాత పలక తీసుకుని రాసింది. ‘పాట నాదే. గొంతు ఎవరిది?’

కుళ్లాయప్ప ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “మేమే అమ్మా. మేమే జేసినాం. ఆ విజిల్ కాడ బాగుండాదని ఎనక్కి తిప్పుకొని ఇనమని అందరికీ చెప్తిమి. వాళ్లు తిప్పినారు. తిప్పి తిప్పి...” మిగిలింది నేను చెప్పాను, వెనక్కి తిప్పడాన్ని ఆ యంత్రం ఎలా లెక్కిస్తుందో, పాత ప్రతిని ఎందుకు ఉంచదో. చెబుతూ ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టడానికైనా ఆమెకు గొంతు లేదు.

ఆమె పలక తుడిచి రాసింది. ‘అంత నచ్చిందా వాళ్లకు?’

“చానా,” అంది ఇమాంబక్క, చెంగు నోట్లో కుక్కుకుంటూ. “చానా నచ్చింది తల్లీ.”

ఆమె తలూపింది. ఆ మొహంలో అప్పుడు కనపడింది సంతోషమో ఏడుపో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ రాసింది. ‘ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు పాడింది. చిన్ని అనే పేరుతో పెట్టాను. పిట్టగోడ.’

నీలవేణి కూడా ఆశ్చర్యంగా చూసింది. నేను వెతికాను. ఉంది. ఎర్రచుక్క. విన్నవాళ్లు ఎవరూ లేరు. ఎర్రచుక్కలు వెతకడంలో నన్ను మించినవాడు లేడని విర్రవీగినవాణ్ణి, ఇది నా కంటికి ఆనలేదు.

పెట్టాం. నాలుగే పాటలు. గిటారు సరిగ్గా రాని రోజులవి, వేళ్లు తీగల మీద జారే చప్పుడు వినబడుతోంది. పైన నీళ్లట్యాంకు నిండి పొర్లుతోంది, ఎవరో మోటారు ఆపమని అరుస్తున్నారు. వాటన్నిటి మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది. ఏమాత్రం సాపు లేని గొంతు. సౌదామిని పెదాలు దాంతో పాటు కదిలాయి, ఒక్క మాట కూడా తప్పలేదు. నీలవేణి తన అత్త మొహం వైపూ డబ్బా వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్లకు ఊహ తెలిసేనాటికే ఆమె గొంతుకు జబ్బు మొదలైందట. ఆ కొద్దిసేపూ, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో మర్చిపోతే, ఆమె పాడుతున్నట్టే ఉంది.

మూడో పాటలో ఒకచోట ఆమె ఫక్కున నవ్వి పాట అందుకుంటుంది. కుళ్లాయప్ప తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. వెనక్కి తిప్పుతానేమోనని వాడికి భయం. తిప్పలేదు. ఎవరం తిప్పలేదు.

అయిపోయాక ఆమె పలక నా వైపు తిప్పింది. ‘దీన్ని ఏం చేస్తావు?’

నలుగురూ నా వైపే చూశారు. పాటలు తెలిసినవాణ్ణి కదా. ధూళికాలం ముగియడానికి ఇంకెంతో లేదు. వంద మందికి చెబితే ఉంటుంది, ఉన్నది ఆమె గొంతై ఉండదు. చెప్పకపోతే పోతుంది, కానీ ఆమె గొంతుగానే పోతుంది. ఇట్లా అని ఆమెకు విడమరిచి చెప్పాను. మీరే చెప్పండమ్మా ఏం చేయమంటారో, మీ పాట కదా అన్నాను.

ఆమె సుద్దముక్క పలకకు ఆనించింది. ఏమీ రాయలేదు. పలక తుడిచి చంకలో పెట్టుకుంది. రైలు కూత వేసింది. వెళ్లేటప్పుడు మళ్లీ నా రెండు చేతులూ పట్టుకుంది, అంతే.

నమోదు 337

వరస: పడమటి ఏడు. ధూళి: తగ్గింది. రేపటితో ధూళికాలం సరి.

ఈ నాలుగు రోజులూ నేను ‘పిట్టగోడ’ పేరు బయటికి అనలేదు. ఇమాంబక్క అనలేదు. కుళ్లాయప్ప మాతో తప్ప ఎవరితోనూ మాట్లాడటమే మానేశాడు, నోరు జారుతుందని. చెప్పడమా మానడమా అని ముగ్గురం రోజూ కూర్చుంటున్నాం, ఏమీ తేలక లేస్తున్నాం. ఒకరోజు చెప్పేద్దామనుకుంటాం. గొంతు మారితే మారింది, పాటైనా ఉంటుంది కదా అని. కండక్టరు పాట గుర్తొస్తుంది, ఊరుకుంటాం.

పొద్దున వరస సగంలో ఉండగా గంగరత్న గుడ్డ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. వెనక మరో పదిమంది ఆడవాళ్లు. తూర్పు పొలం నుంచి కూడా వచ్చినట్టున్నారు, కొన్ని మొహాలు కొత్త.

“మేస్త్రీ, నిన్ను ఇన్నాళ్లూ ఎగతాళి జేసినా, తప్పయిపోయింది,” అంది. “ఆ సౌదామినమ్మ పాటలు లేకుండా నాకు పొద్దుపోవడంల్యా. మా ఆయన ఇంటాండాడు, మా అత్త ఇంటాండాది. ఈళ్లందురూ అడగమంటాండారు. ఆ యమ్మవి ఇంగేమన్నా ఉండాయా?”

పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరు ఇంకో పదిమందికి చెబుతారు. సాయంత్రానికల్లా వంద చెవులు దాటతాయి. నా బతుకంతా నేను ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. ఒక మంచి ఆల్బం గురించి నేను పోరకుండా, నా వెంటపడి, వాళ్లంతట వాళ్లే అడగడం.

మోటారు కింద పడుకుని పని చేస్తున్న కుళ్లాయప్ప తల బయటపెట్టి నా వైపు చూశాడు.

“లేవు,” అన్నాను.

“ఒగటి గూడా లేదా?”

“లేదు గంగరత్నా. ఉన్నది అదొక్కటే.”

“అయ్యో,” అంది పాపం, నిజంగానే బాధపడుతూ. “అంత బాగ పాడే మనిషి, ఇంగో నాలుగు పాడి ఉంటే ఏం పోయింది?”

చెవిబిళ్ల నొక్కుకుని తన అద్దం దగ్గరికి వెళ్లిపోయింది.